అక్క మార్చిన మాత్రలు

మా తోడికోడలికి ఒంటి తలనొప్పి వచ్చిందంటే ఆళ్లగడ్డలో మా ఇంట్లో గిన్నె చప్పుడు కూడా కాకూడదు. ఆమెను నేను అక్కా అని పిలుస్తాను, పెళ్లయి వచ్చిన రోజు నుంచీ అదే పిలుపు. మాది కిరాణా అంగడి. ముందు అంగడి, వెనక ఇల్లు. ఇంగువ గానీ అగరొత్తులు గానీ ఘాటుగా తగిలితే చాలు, అక్కకు కుడి కణతలో సుత్తి దెబ్బలు మొదలు. అందుకే అంగట్లో కూర్చోవడం మానేసి ఏళ్లయింది. ఎంత అన్యాయమో చూడండి! ఆ ఇంట్లో వ్యాపారం చేతనైన మనిషి ఆమె ఒక్కతే. మా ఆయనా, మా బావా కొనేవాళ్ల ముఖం చూడరు, త్రాసు ముఖం చూస్తారు. అక్క మాత్రం ఉప్పు పొట్లానికి వచ్చినవాళ్లను పెళ్లి సామాను దాకా లాక్కుపోయేది. అలాంటి మనిషి చీకటి గదిలో తలకు తడిగుడ్డ కట్టుకుని, "ఈ జన్మకు నేనింక అంగట్లో కూచునేది లేదులేమ్మే" అంటుంటే నాకు ఏడుపూ కోపమూ కలిసే వచ్చేవి.

నాకూ అదే జబ్బు. ఆమెకున్నంత లేదు కానీ, వచ్చిందంటే నా నోటికి అడ్డూ ఆపూ ఉండదు. ఇంట్లో వాళ్లు అక్క నొప్పికి జాలిపడేవాళ్లు, నా నొప్పికి పారిపోయేవాళ్లు.

నంద్యాలలో ఒక ఆసుపత్రిలో ఈ నొప్పికి కొత్త మందును పరీక్షిస్తున్నారని విని ఇద్దరం బస్సెక్కాం. అక్కడి డాక్టరమ్మకు వయసు తక్కువ, ఓపిక ఎక్కువ. అంతా విడమరిచి చెప్పింది. కొందరికి అసలు మందు ఇస్తారట. కొందరికి చూడ్డానికి అచ్చం అలాగే ఉండే ఉత్త మాత్ర ఇస్తారట. ఎవరికి ఏది వచ్చిందో మాకూ తెలియదు, ఆమెకూ తెలియదు. ఇష్టం లేకపోతే ఎప్పుడైనా మానుకోవచ్చు.

"ఉత్త మాత్ర ఎందుకు తల్లీ? ఊరికే మింగేదానికి మాకేమన్నా పిచ్చా?" అన్నాను.

"మందు ఇస్తాండారనే నమ్మకానికే కొంతమందికి నొప్పి తగ్గుతాదమ్మా. అదెంతో తీసేస్తే గానీ మందు గొప్ప ఎంతో తేలదు" అంది.

నమ్మకానికి తగ్గేది కూడా ఒక నొప్పేనా అని నాకు లోలోపల మండింది. అయినా సంతకం పెట్టాను. చెరొక మాత్రల డబ్బా ఇచ్చి, ఒకరివి ఒకరు వేసుకోవద్దని ఆమె మరీ మరీ చెప్పింది. అక్క బుద్ధిగా తల ఊపింది. ఆ తల ఊపడాన్ని నమ్మి నేను బస్టాండు దగ్గర ఉగ్గానీ బజ్జీ లాగించి హాయిగా ఇంటికొచ్చాను.

కొన్నాళ్లకే అక్కకు తగ్గుముఖం పట్టింది. ఒక పొద్దున నేను పొయ్యి దగ్గర ఉంటే అంగట్లోంచి ఆమె నవ్వు వినబడింది. చేతిలో గరిటెతో అలాగే పరుగెత్తాను. అక్క అంగట్లో కూర్చుని ఒకామెతో, "ఏంది, ఇంత పొద్దెక్కినాంక వచ్చినావు? మీ వంట యాడ చేస్తాండారు, మా ఇంట్లోనా?" అని ఆటపట్టిస్తోంది. మా బావ ఒక మూల నిలబడి, పోయిన వస్తువు దొరికినట్టు చూస్తున్నాడు. ఆ రోజు మా అందరికీ పండగే.

నాకు మాత్రం ఏ మార్పూ లేదు. "నీకు అసలుది తగిలింది, నాకు ఉత్తది తగిలింది. పోనీలే అక్కా, నీకన్నా తగ్గినాది" అని నవ్వేశాను. ఆమె నవ్వలేదు.

మా అక్కకు ఒక అలవాటుంది. పెరుగు మీద మీగడ, పులుసులో పెద్ద ముక్క, చీరల్లో మంచి అంచు, ఏది బాగుంటే అది నాకు వచ్చేస్తుంది. వద్దంటే కొట్టినంత పని చేస్తుంది. మా అత్తగారు పోతూ పోతూ చిన్నకోడలిని ఆమె చేతిలో పెట్టిందట, అదీ లెక్క.

ఆ తర్వాత నుంచి రోజూ సాయంత్రం నా మాత్ర అక్కే తెచ్చి ఇవ్వడం మొదలుపెట్టింది. గ్లాసుతో నీళ్లు అందించి, నేను మింగేదాకా ఎదురుగా నిలబడి, నుదుటి మీద చెయ్యి వేసి, "ఈసారి తగ్గకుంటే నన్నడుగు" అనేది. నిజంగానే తగ్గుతూ వచ్చింది! నా నోరు కూడా మెత్తబడిందని మా ఆయన వీధంతా చెప్పుకున్నాడు.

అంతలో అక్క మళ్లీ అంగట్లో కనబడడం మానేసింది. అడిగితే పనుందనేది. ఒక మధ్యాహ్నం బెల్లం కోసం సామాను గదిలోకి వెళ్తే, బస్తాల వెనక గోడకు ఆనుకుని కళ్లు మూసుకుని ఉంది. తలకు తడిగుడ్డ.

"ఏందక్కా ఇది? ఎప్పటి నుంచి?"

"ఏం లేదు పో."

"ఏం లేకుంటే ఆ గుడ్డేంది?"

తలకున్న గుడ్డ లాగేసి చెప్పింది. "నా డబ్బాలోవి నీ డబ్బాలో పోసినా. నీవి నాకు పోసుకున్నా. నాకు పని చేసింది కదా, అదే అసలు మందు. నువ్వు చిన్నదానివి, ఇంకా చానా దినాలు బతకాల."

నాకు ఒళ్లు మండిపోయింది. "నీకేమన్నా బుద్ధుందా? మీగడ అనుకుంటివా, తీసి నా పళ్లెంలో వేసేదానికి? నీ నొప్పితో నేను సుఖపడాల్నా? ఎవరడిగినారు నిన్ను?" అని తిడుతూనే ఆమె ఒళ్లో తల పెట్టి ఏడ్చాను. గొడవేందో అని మా ఆయన తొంగి చూసి, ఇద్దరం ఏడుస్తుండేసరికి వచ్చిన దారినే పోయాడు.

"డాక్టరమ్మకు చెప్పొద్దమ్మే. చెప్తే నన్ను తీసేస్తారు. నన్ను అంగట్లో కూచోబెట్టిన మందు అదొక్కటే" అంది అక్క. "మళ్లా మార్చుకుందాం. ఎవరికి తెలుస్తాది?"

నాకూ చెప్పాలని లేదు. కానీ ఇలాగే తలలు పట్టుకుని చీకటి గదుల్లో పడున్నవాళ్లు ఇంకెందరో గుర్తొచ్చారు. "మన అబద్ధం ఆ మందు వెంట ఊరూరా పోతాదక్కా" అన్నాను. నంద్యాల దాకా బస్సులో ఆమె నాతో ఒక్క మాట మాట్లాడలేదు. శిరివెళ్లలో జామకాయలు కొనిస్తే కిటికీ వైపు తిరిగి తినింది.

డాక్టరమ్మ అంతా విని నుదురు కొట్టుకుంది. "మీ మంచితనంతో నా ప్రాణం తీస్తాండారు కదమ్మా!" ఇద్దరినీ పరీక్ష చేసి, జరిగింది పైవాళ్లకు తెలియజేస్తానంది. అప్పుడు అక్క ముఖం చూడాలి, పాపం! డాక్టరమ్మకు జాలేసిందేమో, గొంతు తగ్గించి చెప్పింది. "ఒక ఇంట్లో ఇద్దరుంటే ఇద్దరికీ ఒకటే రకం పోయేటట్టు ముందే ఏర్పాటు చేసినారు. ఇట్లా మార్చుకుంటారనే. మీ ఇద్దరివీ ఒకటే మాత్రలు."

"ఒకటే అయితే నాకెందుకు తిరగబెట్టినాది? ఈమెకెందుకు తగ్గినాది?" అని అక్క నిలదీసింది. అన్నీ అయిపోయాక తెలుస్తుందని తప్పించుకుంది డాక్టరమ్మ. పైవాళ్లు మమ్మల్ని తీసేయలేదు. ఆ కబురు ఫోన్‌లో వచ్చినప్పుడు అక్క నాతో మళ్లీ మాట్లాడింది.

పరీక్ష ముగిశాక డాక్టరమ్మ మమ్మల్ని పిలిపించి చెప్పింది. మందు బాగా పనిచేస్తుందని తేలిందట. మా ఇద్దరికీ మొదటి నుంచీ వచ్చినవి మాత్రం ఉత్త మాత్రలేనట. నాకు నవ్వాగలేదు. అక్క తను అసలు మందు వేసుకుంటున్నానని నమ్మినన్నాళ్లూ అంగట్లో రాణిలా కూర్చుంది, దాన్ని నాకిచ్చేశాననుకోగానే పడకేసింది. నాకేమో ఆమె చేత్తో ఇవ్వడం మొదలుపెట్టాకే తగ్గింది. ఉత్త మాత్ర ఎందుకని నేను ఎగిరిన ఎగురుడుకు జవాబు అప్పుడు దొరికింది. మందు బలమెంతో తెలియాలంటే ముందు అందులోంచి మా అక్కను తీసేసి చూడాలి.

పరీక్షలో ఉన్నవాళ్లందరికీ ఆ తర్వాత అసలు మందే ఇచ్చారు. ఈసారి అక్కకు తగ్గడం వేరు, నిలకడగా తగ్గింది. ఇప్పుడు మా బావ ఒక పక్కకు జరిగి కూర్చుంటున్నాడు, అంగడి మొత్తం ఆమెదే.

కానీ మావి ఉత్త మాత్రలని తెలిసిన రోజు నంద్యాల నుంచి వచ్చేటప్పుడు బస్సులో అక్క చిన్నబోయి కూర్చుంది. శిరివెళ్ల దగ్గర అంది.

"అయితే నా డబ్బాలో ఏమీ లేకనే ఉండె. ఉత్త పిండి నీకిచ్చి, నేనేదో ఇచ్చినానని మురిసిపోయినా."

"ఏమీ లేకుంటే నాకెట్లా తగ్గినాదక్కా?" అన్నాను. "నీ హస్తవాసి."

ఆమె నా వైపు తిరిగి చూసింది. బస్సులో అందరూ చూస్తున్నారని కూడా లేకుండా ఆమెను గట్టిగా కావలించుకున్నాను.