మొలతాడులో వెలిగిన పూస

బొరాక్సును తీగ చుట్టలో కరిగిస్తే, చల్లారాక ఆ తీగకే అంటుకుని చిన్న గాజు పూస మిగులుతుంది. కరిగేటప్పుడు యూరోపియం అనే అరుదైన లోహపు లవణం రవ్వంత కలిపితే ఆ పూస మామూలు వెలుతురులో నీటి చుక్కలా ఉంటుంది. అతినీలలోహిత దీపం కింద ఎర్రగా వెలుగుతుంది. అనంతపురంలో కాలేజీ ల్యాబులో పనిచేసే రోజుల్లో అలాంటివి పన్నెండు చేశాను. తూకాలు రాసుకుందామని డబ్బాలో వేసి ఇంటికి తెచ్చి గూట్లో పెట్టాను. అది నా తప్పు.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చి చూస్తే డబ్బాలో పదకొండే ఉన్నాయి. పాపకు అప్పుడు పదకొండు నెలలు, ఏది దొరికినా నోట్లోకే. మా అత్తగారు పాపను పక్కింటావిడకు అప్పగించి మధ్యాహ్నం బస్సుకు కంబదూరు వెళ్ళారు. "నేనైతే ఏమీ చూడలేదమ్మా," అంది పక్కింటావిడ. ఇల్లంతా ఊడ్చాను, చెత్త చేటలో పోసి వెతికాను. పూసకున్న తీగ కొనలు సూదుల్లా ఉంటాయి. పాప పాలు తాగనంది. ఆసుపత్రిలో ఎక్స్‌రే మర్నాడు పొద్దున్నే తీస్తామన్నారు.

పాపను ఎత్తుకుని ల్యాబుకు పరుగెత్తాను. అటెండరు తాళం వేయబోతున్నాడు.

"ఏమమ్మా, పాపను ఇప్పుడే కాలేజీలో చేర్పిస్తాండావా?"

"గాజు పూస మింగిందేమో అన్నా. దీపం వెయ్యి."

అతని నవ్వు ఆగిపోయింది. గబగబా నల్ల తెరలు లాగాడు.

పాప కళ్ళకు కొంగు కప్పి నోరు తెరిపించాను. రెండు పాలపళ్ళు నీలిగా మెరిశాయి. నాలుక కింద ఎరుపు లేదు, బుగ్గల్లోనూ లేదు. కడుపులోకి పోయి ఉంటే ఈ దీపానికి దొరకదని నాకు తెలుసు. పాప ఏడుస్తూ కాళ్ళు తన్నుకుంది, గౌను పైకి లేచింది.

"అమ్మా, ఆడ చూడు! నడుము కాడ!"

మొలతాడుకున్న నల్లపూసల మధ్య ఒక్కటి ఎర్రగా వెలుగుతోంది. పూసకున్న తీగకు దారం చుట్టి ముడి వేశారు. నా వేళ్ళకు ఆ ముడి విప్పడం చేతకాలేదు. అటెండరే బ్లేడుతో కోసి ఇచ్చాడు.

మూడోనాడు అత్తగారు వస్తూనే పాప మొలతాడు తడిమారు.

"పూస యాడ పాయ?"

"మీరెందుకు కట్టినారత్తా?"

"చూసినోళ్ళంతా ముద్దొస్తాదంటారు, ఆ మాటకే బిడ్డ పాలు కక్కుతాంది. దిష్టి నల్లపూసలకు ఆగలా. నువ్వు కండ్లు పోయేట్టు కూసోని చేసినవి కదా, అవైనా పనిచేస్తాయేమోనని కడితి."

పూస తెచ్చి, తీగ కొనను ఆమె వేలికి ఆనించాను.

"అయ్యో, కుచ్చుకుంటాదే!" అన్నారామె. పాపను వెలుతురులోకి తీసుకుపోయి, బొడ్డు చుట్టూ తీగ గీరుకుందేమోనని వెతకసాగారు.