పతకం మీద గోళ్ళరంగు

మా ఇంట్లో గోళ్ళరంగు వాడేది మా నాన్న ఒక్కడే. వెండిపని చేసే మనిషికి ఆ నీలిరంగు సీసాతో ఏం పనని ఎవరైనా అడిగితే అమ్మా నేనూ మాట మార్చేస్తాం.

పన్నెండేళ్ళ కిందట వీధి చివరి టీచరమ్మ ఒక పాత పతకం తెచ్చింది. వాళ్ళమ్మ నర్సుగా ఉన్నప్పుడు వచ్చిన బహుమతి అది, వెండి బిళ్ళ మీద నీలి మీనా, గాజులా మెరిసే రంగుపూత. మెడలో వేసుకోవడానికి కొక్కెం పెట్టమంది. మీనాకు వేడి పడదని నాన్నకు తెలుసు. అంచున బెజ్జం వేస్తే సరిపోయేది. తొందరలో మంట పెట్టి కొక్కెం అతికించాడు. గోరంత పెచ్చు ఎగిరిపోయింది. ఆ గుంటలో గోళ్ళరంగు నింపి, నోరు మెదపకుండా ఇచ్చేశాడు.

అప్పటినుంచీ ఆమె ఏటా దాన్ని మెరుగుకు తెస్తుంది. ఆయన చాటుగా రంగు పూస్తాడు, కూలి తీసుకోడు. ఆయనంత మంచివాడు లేడని ఆమె వీధంతా చెబుతుంది. అది చెవిన పడ్డ రోజు ఆయనకు అన్నం సహించదు.

"నిజం చెప్పి పారెయ్ నాన్నా, పీడా పోతుంది" అని విసుక్కుంటాను. తల వంచుకుని ఆకురాయితో ఏదో రుద్దుతూ కూర్చుంటాడు.

నిన్న ఆమె పతకం బల్ల మీద పెట్టగానే నాన్న చెయ్యి అలవాటుగా సొరుగులోకి వెళ్ళింది.

"రంగు వద్దులే అన్నయ్యా" అంది ఆమె మెల్లగా. "సబ్బు తగిలి ఊడినప్పుడల్లా ఇంట్లో నేనే వేసుకుంటున్నా, మొదటి ఏడాది నుంచీ. కొక్కెం ఊడొచ్చేలా ఉంది, అది చూడు."

నాన్న సొరుగు మూసేసి పతకం చేతిలోకి తీసుకున్నాడు.

"ఈసారి బెజ్జం వేస్తానమ్మా" అన్నాడు. "అప్పుడే వెయ్యాల్సింది."