వేడెక్కితే అలిగే బండి

2022 చలికాలం. న్యూయార్క్ రాష్ట్రంలో ఉత్తరాన, కెనడా సరిహద్దుకు దగ్గరగా ఒక సరస్సు ఒడ్డున నాకు చిన్న రిపేర్ షాపు ఉంది. వేసవిలో లాన్ మూవర్లు, పడవల మోటార్లు వస్తాయి. చలికాలం వస్తే అన్నీ స్నోమొబైళ్ళే. అంతకుముందు న్యూజెర్సీలోని పార్సిప్పనీలో సాఫ్ట్‌వేర్ కన్సల్టెంటుగా చాలాకాలం పనిచేశాను. అది వదిలేసి మెకానిక్‌నయ్యానని నలుగురికీ చెప్పుకోవడానికి మా మావగారికి ఇప్పటికీ మొహమాటమే. ఎవరైనా అడిగితే "మా అల్లుడిది ఇంజిన్ల బిజినెస్" అంటారు. అబద్ధమేం కాదు కాబట్టి నేనూ ఊరుకుంటాను.

స్నోమొబైల్ చూడనివారికి ఒక మాట. ముందు రెండు స్కీలు, వెనక చక్రాలకు బదులు మంచును పట్టుకుని తిరిగే రబ్బరు ట్రాక్, పైన మోటార్‌సైకిల్‌కు ఉన్నట్టు సీటూ హ్యాండిలూ ఉంటాయి. ఇక్కడివాళ్ళు దాన్ని స్లెడ్ అంటారు. పాత స్లెడ్లను తాడు లాగి స్టార్ట్ చేయాలి. చల్లగా ఉన్న ఇంజిన్ మొరాయిస్తే ఎవరైనా అర్థం చేసుకుంటారు. అప్పటిదాకా సుబ్బరంగా నడిచి, వేడిగా ఉండగానే మొరాయించే బండితోనే మా వృత్తిలో అసలు తలనొప్పి.

అలాంటి బండినే ఆ ఏడాది సుభద్ర ఆంటీ తెచ్చారు. ఆవిడ తెనాలి మనిషి. ఆసుపత్రిలో ఎనస్థీషియా డాక్టరుగా రిటైరయ్యారు. ఏడు పదులకు దగ్గర పడిన వయసులో తనే స్లెడ్ నడుపుతారు. భర్త నర్సింగరావు అంకుల్‌ది కరీంనగర్ వైపు. కెమికల్ ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. నడుముకు ఆపరేషన్ అయింది కాబట్టి వెనక సీట్లో కూర్చుంటారు. సరస్సు అవతలి ఒడ్డున ఆంటీ స్నేహితురాలు రూత్ ఒక్కతే ఉంటుంది. చలికాలంలో అటు వెళ్ళే రోడ్డు మూసేస్తారు. గడ్డకట్టిన సరస్సు మీదుగా స్లెడ్‌లో వెళ్ళడం ఒక్కటే దారి.

"పొద్దున్న ఇంటి దగ్గర ఫస్ట్ పుల్‌కే లేస్తుందయ్యా శ్రీధర్," అన్నారు ఆంటీ. "రూత్ ఇంట్లో కాఫీ తాగి బయటికొచ్చేసరికి అలక. ఎంత లాగినా గంట దాకా ఉలకదు, పలకదు."

"వేడిగా ఉన్నప్పుడు కూడా చోక్ లాగుతున్నారా ఆంటీ?" అని అడిగాను. చోక్ లాగితే ఇంజిన్‌కు పెట్రోలు ఎక్కువ వెళ్తుంది. చల్లటి ఇంజిన్‌కు అది మందు, వేడి ఇంజిన్‌కు విషం. పాత స్కూటర్ల అలవాటుతో మనవాళ్ళు చాలామంది చేసే తప్పు అది.

ఆవిడ నన్ను ఎగాదిగా చూశారు. "కెరీర్ అంతా మత్తుమందు ఇచ్చాను నాయనా. ఎవరికి ఎప్పుడు ఎంత డోస్ ఇవ్వాలో నాకు నువ్వు చెప్తావా?"

ఇంజిన్ మీది మూత, అదే హుడ్, ఎత్తాను. స్పార్క్ ప్లగ్గులు తడిగా ఉన్నాయి, పెట్రోలు వాసన గుప్పుమంది. దీన్ని ఫ్లడ్డింగ్ అంటారు. గాలి తక్కువై పెట్రోలు ఎక్కువైపోయి నిప్పు అంటుకోకపోవడం. కార్బరేటర్‌లో పెట్రోలును ఆపే నీడిల్ వాల్వులు మార్చాను. ప్లగ్గులకు కరెంటిచ్చే, వేడెక్కితే నీరసపడిపోయే ఇగ్నిషన్ కాయిల్ కూడా అనుమానంతో మార్చేశాను. సరస్సు మీద ఒక చుట్టు తిప్పి, షాపులోకి తెచ్చి ఆపి, నేనూ తీరిగ్గా కాఫీ తాగి, తాడు లాగాను. మొదటి లాగుడుకే గుర్రంలా లేచింది. ఛాతీ విరుచుకుని బండి అప్పగించాను.

వారం తిరక్కుండానే మళ్ళీ తెచ్చారు, అదే జబ్బుతో. మళ్ళీ చూశాను, మళ్ళీ నా దగ్గర మొదటి లాగుడుకే లేచింది. "పేషెంట్లూ అంతేనయ్యా, డాక్టర్ని చూడగానే జ్వరం తగ్గిపోతుంది," అని ఆంటీ నవ్వారు. అంకుల్ మాత్రం నవ్వలేదు. ఆంటీ కుడి చెయ్యి మెడకు వేసిన గుడ్డలో వేలాడుతోంది. మొన్న రూత్ ఇంటి ముందు తాడు లాగీ లాగీ భుజం పట్టేసిందట.

"ఇగ సాలు," అన్నారు అంకుల్. "ఆన్‌లైన్‌ల యాడ్ పెట్టిన. కొనేటాయన వచ్చే శనివారం సాయంత్రం వస్తడు. ఈ వయసుల మంచు నడుమ నిలవడితె ఎవలు దిక్కు?"

ఆంటీ ముఖం ఒక్కసారిగా చిన్నబోయింది. అంతవరకూ ఆవిడ జోకులు విన్నవాణ్ణి, ఆ ముఖం చూస్తే నాకు బాధేసింది. "బండి పోతే మంచు కరిగేదాకా ఇంట్లో టీవీ ముందే," అన్నారు నెమ్మదిగా. చివరికి ఇద్దరూ ఒక ఒప్పందానికి వచ్చారు. శనివారం పొద్దున్న ఎప్పటిలాగే రూత్ ఇంటికి వెళ్ళాలి. తిరిగి వచ్చేటప్పుడు మొదటి లాగుడుకే లేస్తే బండి ఉంటుంది, లేకపోతే సాయంత్రం పోతుంది. భుజం బాగా లేదు కాబట్టి తాడు నేను లాగాలి. నా పనితనం మీద నాకు అంతకుముందు రోజు వరకు ఉన్న నమ్మకం అప్పటికి సగం జారిపోయింది. అయినా సరేనన్నాను.

శనివారం ఎండ బాగా కాసింది. గుడ్డ విప్పేసిన ఆంటీ ముందు, ఆవిడ నడుము పట్టుకుని అంకుల్ వెనక, నా స్లెడ్ మీద నేను వాళ్ళ వెనక. అవతలి ఒడ్డు చేరాక ఆంటీ బండి ఆపి, తలుపు దగ్గర నిలబడ్డ రూత్‌ను కౌగిలించుకుని కబుర్లలో పడ్డారు. నేను చేతి తొడుగులు తీస్తూ నిలబడ్డాను. అంకుల్ సీటు వెనకున్న సంచి విప్పి పెద్ద బొంత ఒకటి బయటికి లాగారు. పాత నేత చీరలు నాలుగైదు పొరలు వేసి కుట్టిన దిట్టమైన బొంత. దాన్ని బండి ముందు భాగం మీద పరిచి, అంచులు చుట్టూ బిగుతుగా దోపి, పసిపిల్లను జోకొట్టినట్టు పైన తట్టారు.

నేను నోరు తెరుచుకుని చూశాను. "అంకుల్, ఈ బొంత ఎప్పుడూ కప్పుతారా?"

"ఎప్పుడూ కప్పుత. ఇంత సలిల ఇంజిన్ గడ్డకట్టదా? నేనే కుట్టిన, రిటైరైనంక మిషన్ నేర్చుకొని. అన్నీ సుభద్ర చీరలే."

"మరి నా షాపుకు తెచ్చినప్పుడు కప్పలేదే?"

"నీ షాపుల హీటర్ ఉన్నది గద!"

నా బుర్రలో కాయిల్ కాదు, బల్బు వెలిగింది. ఇంజిన్ ఆపిన వెంటనే దాని వేడి పైకి ఎగదన్నుతుంది. ఆ వేడి పోవడానికే హుడ్ మీద సందులు ఉంటాయి. అంకుల్ వాటిని ఊపిరాడకుండా మూసేస్తున్నారు. పైగా చలికాలంలో అమ్మే పెట్రోలు తొందరగా ఆవిరయ్యే రకం. బొంత కింద కార్బరేటర్‌లో అది మరిగి, పొంగి, ఇంజిన్‌లోకి దిగుతోంది. కాఫీ తాగి వచ్చేసరికి ఫ్లడ్డింగ్. నేను మార్చిన పాత సామాన్లలో అసలు ఏ లోపమూ లేదు.

ఎంత మెల్లగా చెప్పగలనో అంత మెల్లగా చెప్పాను. ఆయన బొంత తీసేశారు. కాఫీ తాగుతున్నంతసేపూ కిటికీలోంచి బండి వంకే చూస్తూ కూర్చున్నారు. రూత్ రెండుసార్లు పలకరించినా ఆయనకు వినపడలేదు. ఆంటీకి సంగతి చెబితే "ఆయన చేసే వంద జాగ్రత్తల్లో అదొకటి అనుకున్నానయ్యా, పట్టించుకోలేదు," అన్నారు.

బయటికి వచ్చి తాడు పట్టుకున్నాను. ఒక్క లాగుడు. ఇంజిన్ గుర్రుమంటూ లేచింది. ఆంటీ చిన్నపిల్లలా చప్పట్లు కొట్టారు, రూత్ కేక వేసింది. నేను సంతోషంతో అంకుల్ వైపు తిరిగాను. ఆయన బొంతను గుండెకు హత్తుకుని అలాగే నిలబడి ఉన్నారు.

"అంటే నీ భుజం... నేన్ జేసిందేనా?" అన్నారు ఆంటీతో.

ఆంటీ చెయ్యి చాచి, "ఆ బొంత ఇలా ఇవ్వండి. నాకు చలేస్తోంది," అన్నారు.

"నీకు సలా? ఎన్నడన్న చెప్పినవా?"

"మీరు బండినే చూసుకుంటుంటే నన్నెప్పుడు అడిగారు?"

అంకుల్ చాలా జాగ్రత్తగా ఆ బొంతను ఆవిడ భుజాల చుట్టూ కప్పారు. దాని కొస ఎక్కడ ట్రాక్‌లో పడుతుందోనని నా ప్రాణం గిలగిల్లాడింది. నా దగ్గరున్న రబ్బరు తాళ్ళతో దాన్ని ఆవిడ నడుముకు బిగించి కట్టాను. దారి పొడుగునా ఆవిడ వెనకనుంచి అంకుల్ తిట్లు వినిపిస్తూనే ఉన్నాయి, మెల్లగ నడుపు, మెల్లగ నడుపు అంటూ. ఆవిడ మెల్లగా నడపలేదు.

ఇల్లు చేరేసరికి కొనేటాయన సాయంత్రం దాకా ఆగలేక ముందే ట్రక్కుతో వచ్చి కాచుకుని ఉన్నాడు. అంకుల్ హెల్మెట్ తీసి, ఆయనతో ఇంగ్లిష్‌లో మర్యాదగా చెప్పారు, "సారీ, మై వైఫ్ ఈజ్ స్టిల్ యూజింగ్ ఇట్."

ఆ కేసు తర్వాత నా పద్ధతి ఒకటి మారింది. అంతకుముందు బండి ఎలా నడుస్తోందని మాత్రమే అడిగేవాణ్ణి. ఇప్పుడు బండి ఆపాక మీరేం చేస్తారు అని కూడా అడుగుతున్నాను. ఒకాయన ఇంజిన్ మీద మంచు పోస్తానన్నాడు, ఇంకొకాయన పెట్రోలు ట్యాంక్ మూత తీసి గాలి తగలనిస్తానన్నాడు. విని నవ్వు ఆపుకోవడం కష్టమే. కానీ చెడగొట్టాలని తన బండి మీద చెయ్యి వేసినవాణ్ణి ఇన్నేళ్ళలో ఒక్కణ్ణీ చూడలేదు. అందుకే ఆ ప్రశ్న అడిగేటప్పుడు నా గొంతు దానంతటదే తగ్గుతుంది.