మావయ్య చేతిలో పాసైన సూపు

మా మావయ్య నోట్లోకి వెళ్ళే ప్రతి ముద్దా పరీక్షకు కూర్చోవలసిందే. కూర్చున్నవన్నీ ఫెయిలే.

ఆయన ఉద్యోగం అలాంటిది. డ్రైవింగ్ లైసెన్సు ఇన్‌స్పెక్టరు. పొద్దుటి నుంచీ మైదానంలో కుర్చీ వేసుకుని కూర్చుని, బండి వెనక్కి తీస్తూ హద్దుకి పాతిన కర్రకి తగిలించిన ప్రతివాడినీ "ఫెయిల్. నెల పోయాక రా" అని పంపేసేవాడు. ఒంటిగంటకి ఇంటికొచ్చి, ఒక ముద్ద నమిలి, కళ్ళు మూసుకుని, అదే గొంతుతో కూరకి కూడా చెప్పేవాడు: "ఫెయిల్. నెల పోయాక రా."

పక్క వీధిలో నాకో ఫోటో స్టూడియో ఉండేది. ఆయన చేతిలో తప్పినవాళ్ళంతా కొత్త దరఖాస్తుకి కొత్త ఫోటో కోసం నా దగ్గరికే వచ్చేవాళ్ళు. నా వ్యాపారం మావయ్య చలవ, మధ్యాహ్నం భోజనం అత్తయ్య చలవ.

"ఫెయిలైన కూరని గిన్నె ఊడ్చి మరీ తిన్నారేం?" అనేది అత్తయ్య.

"పరీక్ష మధ్యలో ఆపకూడదే. రూలు."

ముప్పై ఏళ్ళు ఇదే వరస. ఒకసారి నాలుక అంచున పుండు లేచింది. "కారం ఎక్కువైంది, ఫెయిల్" అని మూడు నెలలు అత్తయ్య వంటనే ఆడిపోసుకున్నాడు. తీరా చూస్తే అది క్యాన్సర్. సగం నాలుక తీసేసి, ముంజేతి నుంచి కండ తెచ్చి అతికారు. ముక్కులో గొట్టం పెట్టారు. నర్సు అందులో పాలలాంటిదేదో పోస్తుంటే మావయ్య బొటనవేలు కిందికి తిప్పాడు.

"నాలుకకి తగలనే లేదు, అప్పుడే ఫెయిలేమిటండీ?" అందావిడ.

'రంగు బాగాలేదు' అని పలక మీద రాశాడు.

రేడియేషన్ కూడా అయ్యాక ఇంటికొచ్చాడు. గొట్టం తీసేశారు. గడ్డం కిందికి వంచి, చెంచాడు నోట్లో వేసుకుని, రెండుసార్లు మింగాలి. కప్పు సూపు తాగడానికి గంట పట్టేది. ఒంటి బరువు నిలవకపోతే మళ్ళీ గొట్టమే అన్నాడు డాక్టరు.

మొదటిరోజు అత్తయ్య కూరగాయలు మెత్తగా ఉడికించి, మిక్సీలో వేసి, వడకట్టి తెచ్చి పక్కన నిలబడింది. మావయ్య మింగాడు. పలక తీసుకున్నాడు. 'పాస్' అని రాశాడు!

అత్తయ్య ఆ రెండక్షరాల వంక చూసి, గిన్నె తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. మర్నాడూ పాస్. వారమంతా పాస్. నాకు నిజంగా భయం వేసింది. కర్ర తగిలించినవాడికి లైసెన్సు ఇచ్చే మావయ్యని నేనెప్పుడూ చూడలేదు.

ఒక సోమవారం గిన్నెలో మిగిలిన సూపు నేను నోట్లో పోసుకున్నాను. ఉప్పనేదే లేదు. పలక మీద మాత్రం పాస్. అత్తయ్య అటు వెళ్ళగానే నిలదీశాను.

"ఏం మావయ్యా, ఇది కూడా పాసేనా?"

ఆయన పలక తుడిచి రాశాడు: 'రుచి ఏమీ తెలియట్లేదురా. ఫెయిలంటే మళ్ళీ వండుతుంది. ఇప్పటికే చిక్కి సగమైంది. దానికి చెప్పకు.'

నేను చెప్పలేదు. స్టూడియోకి వచ్చి చీకటి గదిలో కాసేపు ఒక్కణ్ణే కూర్చున్నాను.

నాలుగు నెలలు గడిచాయి. మళ్ళీ ఓ సోమవారం మధ్యాహ్నం. మావయ్య చెంచాడు సూపు నోట్లో వేసుకున్నాడు, రెండుసార్లు మింగాడు, కళ్ళు మూసుకున్నాడు. పలకని పక్కకి తోసేశాడు.

"ఫెయిల్."

అందులో సగం గాలే. అయినా ముప్పై ఏళ్ళు విన్న మాట కదా, అత్తయ్యకీ నాకూ అర్థమైంది.

"ఏం తక్కువైందండీ?" అంది అత్తయ్య.

"ఉప్పు."

అత్తయ్య స్టూలు మీద కూలబడి, నవ్వుతూ కళ్ళు తుడుచుకుంది. "ప్రతి సోమవారం ఉప్పు మానేస్తున్నాను, ఎప్పుడు పట్టుకుంటారా అని. ముప్పై ఏళ్ళు నన్ను ఫెయిల్ చేసిన మనిషి ఒక్కరోజులో పాస్ చేస్తే నమ్ముతాననుకున్నారా? ఇన్నాళ్ళూ పరీక్ష మీకు. ఇవాళ పాసయ్యారు."

మావయ్య నావైపు గుర్రుగా చూశాడు. నేను చెప్పలేదు మొర్రో అని రెండు చేతులూ ఎత్తేశాను.

అత్తయ్య ఉప్పు డబ్బా తెచ్చింది. మావయ్య గిన్నె మీద చెయ్యి అడ్డం పెట్టి, గడ్డం వంచుకుని, ఆ చప్పిడి సూపు అడుగుదాకా తాగాడు. రూలు రూలే.

ఆ తర్వాత పదకొండేళ్ళు హాయిగా బతికాడు. ఆ ఇంట్లో మరే వంటా పాస్ కాలేదు.