ఒక్క చేతికి అందే వెలుగు

నిన్న సాయంత్రం కరెంటు పోయింది. ల్యాప్‌టాప్ మీటల కింది తెల్లని వెలుగు నా వేళ్ల మీద పడింది. ఆ వెలుగు చూసినప్పుడల్లా నాకు స్టెల్లా టీచర్ గుర్తొస్తారు.

కె.జి.ఎఫ్.లో బంగారు గనులు మూతపడ్డాక మా పేట ఆడపిల్లలకు బెంగళూరు ఉద్యోగాలే దిక్కయ్యాయి. టీచర్ తమ గని క్వార్టర్స్ ముందుగదిలో మాకు టైపింగు నేర్పేవారు. మీటల మీద తువ్వాలు కప్పి, "వేలికి తెలియాల, కంటికి గాదు" అనేవారు. తొంగిచూస్తే స్కేలుతో ఒకటి వేసేవారు. పాఠాలయ్యాక, ఊపిరితిత్తుల్లో గని దుమ్ము పేరుకుని దగ్గుతూ వచ్చే పాత కార్మికులకు పరిహారం కోసం అర్జీలు టైపు చేసిచ్చేవారు.

నేను బెంగళూరులో సాఫ్ట్‌వేర్ పనిలో చేరిన మూడో ఏడు టీచర్‌కు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. ఆదివారం చూడబోతే, నేనిచ్చిన పాత ల్యాప్‌టాప్ మూసి ఉంది.

"ఎడమచేత్తో కొట్టొచ్చు గదా టీచర్?"

"ఒంటిచేత్తో అయితే ఏ అచ్చరం యాడ ఉండాదో చూసుకోవాల. ఈ చీకటి గదిలో నల్ల మీటలు కంటికి ఆనడం లేదమ్మా. చూసి కొట్టొద్దని మిమ్మల్ని కొట్టినదాన్ని నేను..."

ఆ మీటల కింద దీపాలున్నాయి కానీ వెలగవు. విండోస్ బదులు నేను అందులో వేసిచ్చిన ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్‌కు ఆ మోడల్ తెలియదు. కీబోర్డు దీపాలను నడిపించే చిన్న ప్రోగ్రాము వెతికి, అందులో ఆ మోడల్ పేరు చేర్చడానికి నాలుగు ఆదివారాలు పట్టింది. ఐదో ఆదివారం మీటలు వెలిగాయి. దీపాలు వేసుకోవాలంటే ఎడమ చివర ఒకటి, కుడి చివర ఒకటి, రెండు మీటలు కలిపి నొక్కమన్నాను గర్వంగా. టీచర్ ఎడమచెయ్యి చాచారు. అందలేదు.

"ఇది రెండు చేతులుండేవాళ్ల లైటమ్మా," అని నవ్వారు.

సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. అక్కడే కూర్చుని ఒక్క మీటతో పని జరిగేలా మార్చాను. ఆ మధ్యాహ్నమంతా టీచర్ వంగి, అక్షరం అక్షరం వెతుక్కుంటూ పక్కింటి ఆరోగ్యమ్మకు ఒక పేజీ అర్జీ పూర్తి చేశారు. మధ్యలో తలెత్తి, "చూసి కొడతా ఉండాను. స్కేలు తెస్తావా?" అన్నారు. ఇద్దరం నవ్వాం. నా కళ్లు మాత్రం తడిశాయి.

బయలుదేరుతుంటే ఆపారు. "ఇదే మిషను ఇంగెవరి దగ్గరన్నా ఉంటే? వాళ్లకూ పోయేట్టు పంపు."

ఆ ప్రోగ్రామును అందరి కోసం చూసుకునేవాళ్లకు నా మార్పు పంపాను. తప్పులు చూపి రెండుసార్లు తిప్పి పంపారు. నేను విసుక్కుంటే టీచర్ ఫోన్‌లో, "దిద్దేవాళ్లు దొరికితే బేజారెందుకమ్మా? మళ్లీ కొట్టు" అన్నారు. మూడోసారి నా మార్పును ప్రోగ్రాములో కలుపుకున్నారు.

టీచర్ ఇంకో రెండేళ్లు బతికారు, అర్జీలు రాస్తూనే. ఆ ప్రోగ్రాములో నా పేరు చూసి, ముఖం తెలియని ఎవరో ఇప్పటికీ అప్పుడప్పుడూ తమ మోడల్ పేరు రాసి, దీపాలు వెలగడం లేదని నాకు ఈమెయిలు పెడతారు. కూర్చుని సరిచేస్తాను. పంపే ముందు కుడిచేతిని ఒళ్లో పెట్టుకుని, ఎడమచేత్తో ఒకసారి నొక్కి చూస్తాను.