వందకి నాలుగు

నిదానంగా కూర్చుని ఒక పని చేయడం నాకు పుట్టుకతోనే రాలేదు. రంగూన్‌లోని సంచౌంగ్‌లో మా ఇల్లు, సేక్కాన్ రేవు పక్కన సరుకుల ఆఫీసులో నా ఉద్యోగం. బస్సు పోతుందేమో, కరెంటు పోతుందేమో, నెట్టు పోతుందేమో అని పొద్దున లేచింది మొదలు కాలుగాలిన పిల్లిలా తిరుగుతుంటాను. అలాంటి ఒక పొద్దున నేను చెప్పులు వేసుకుంటుంటే అమ్మ తన ఫోను నా ముఖం ముందు పెట్టింది.

డబ్బు పెట్టి ఆడే, పళ్ల బొమ్మలు గిరగిరా తిరిగే ఆట అది. పక్కింటావిడ ఎక్కించి ఇచ్చిందట. కింద ఇంగ్లీషులో రాసున్న ముక్క ఏమిటని అమ్మ అడిగింది.

"తొంభై ఆరు శాతం తిరిగిస్తారంటమ్మా. వందేస్తే తొంభై ఆరు ఒస్తాది."

"మిగతా నాలుగు?"

"ఆట నడిపినోడికి."

"అయితే నీతిగలోడే," అంది అమ్మ.

నేను నవ్వేసి బస్సుకు పరిగెత్తాను. ఆ నవ్వుకు ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

అమ్మ ఆ మాట ఎందుకన్నదో నాకు తట్టి ఉండాల్సింది. ముప్పై ఏళ్లుగా ఆవిడ మా తెలుగువాళ్లలో చీటీలు నడుపుతోంది. పన్నెండుమంది నెలనెలా డబ్బు కడతారు, అవసరమున్నవాళ్లు ఆ నెల మొత్తం ఎత్తుకుంటారు. నడిపినందుకు అమ్మ తీసుకునేది వందకి నాలుగు. ఆగినవాళ్లకు ఆఖరు నెలలోనైనా వంతు తప్పదు. ఇన్నేళ్లలో ఒక్కరి చీటీ ఒక్క రోజు ఆలస్యం కాలేదు. రంగూన్‌లో మాకు ఆస్తి అంటూ ఉంటే అది అమ్మ మాటే.

రెండు నెలల తర్వాత ఒక గురువారం అమ్మ అన్నం ముందు కూర్చుని కలుపుతూనే ఉంది, ముద్ద నోట్లో పెట్టడం లేదు. ఏమైందని రెండుసార్లు అడిగాను. మూడోసారి కసిరాను. అప్పుడు ఫోను నా వైపు తోసింది.

"ఇందులో నా వంతు ఎప్పుడొస్తాదో సూడు. నానెక్కువే కట్టీసినాను."

చూశాను. ఈ మధ్య చీటీ డబ్బు అందరూ ఫోనులోకే పంపుతున్నారు. ఆ నెల చీటీ ఏటికి అవతల దలాలో బజ్జీలు వేసి అమ్మే ఒకామె ఎత్తుకుంది. భర్తకు సైకా రిక్షా కొనాలని అడ్వాన్సు కూడా ఇచ్చుకుంది. ఆదివారం ఆమె చేతికి ఇవ్వాల్సిన మొత్తంలో మూడు వంతులు లేవు. పళ్ల బొమ్మల కింద పోయాయి.

నేను అరిచాను. ఏం అరిచానో రాయను. అమ్మ మాత్రం నా గొంతు తగ్గేదాకా ఆగి, "నువ్వే కదేటి సెప్పినావు, తొంభై ఆరు ఒస్తాదని," అంది.

అదీ నిజమే. నేను చెప్పింది అక్షరాలా సరైన మాట, అందుకే నాకు అంత మండింది.

డబ్బా తెచ్చి చాప మీద వంద శనగలు పోశాను. "ఇదిగో, వందా ఆడినావు. నాలుగు తీసీసినాడు." నాలుగు పక్కకు జరిపాను. "ఉన్నవి మళ్లీ ఆడినావు. మళ్లీ వందకి నాలుగు సొప్పున తీసీసినాడు." ఫోనులో లెక్క చూస్తూ, అర, పావు గింజల్ని సర్దేస్తూ, గింజలు జరుపుతూ పోయాను. అమ్మ వేళ్లు మడుస్తూ లెక్కపెట్టింది. పదిహేడోసారికి చాప మీద యాభై మిగిలాయి.

అమ్మ నేను పక్కకు జరిపిన కుప్పను వేలితో చూపించింది.

"ఒకే డబ్బు మీద పదిహేడుసార్లు కమీషను తింటాడా?"

"అవునమ్మా. అది కూడా అందరి ఆటా కలిపి చూస్తే వచ్చే లెక్క. నీ ఒక్కదానికి నలభై మిగలొచ్చు, ఏటీ మిగలకపోవచ్చు. ఇంతసేపు పోగొట్టుకున్నావని ఆ చక్రానికి గుర్తుండదు. అందులో వంతు లేదు."

"వంతు లేకపోతే అది చీటీ ఎలగవుతాది?" అని గొణిగి శనగలు మళ్లీ డబ్బాలో పోసింది. ఫోనులోంచి ఆ ఆట నా చేతే తీయించేసింది.

నాకు మూడు రోజులు నిద్ర లేదు. ఆఫీసులో అప్పు అడగాలా, రాత్రి డ్యూటీలో ఉన్న నాన్నకు చెప్పాలా అని తేల్చుకోలేకపోయాను. అడిగితే అమ్మ "నాను సూసుకుంటాను" అనేది తప్ప మరో ముక్క లేదు. ఆదివారం పొద్దున మాత్రం మొత్తం డబ్బు గుడ్డలో మూటగట్టి, "పద దలాకి," అంది. ఎక్కడిదని అడిగే ధైర్యం నాకు లేకపోయింది. పడవలో ఏరు చూసి, అమ్మను చూసి, మళ్లీ ఏరు చూస్తూ కూర్చున్నాను.

దలాలో ఆమె ఇంటి అరుగు మీద డబ్బు లెక్కపెట్టి ఇచ్చింది అమ్మ. ఒక్క కాగితం తక్కువ లేదు. అంతటితో వచ్చేస్తే ఎవరికీ తెలిసేది కాదు. కానీ అమ్మ కూర్చుని జరిగిందంతా చెప్పేసింది. నీ డబ్బు నేను ఆటలో పెట్టాను, తప్పు చేశాను, ఇక మీదట చీటీ నా దగ్గర ఉంచాలో వద్దో మీరే చూసుకోండి అంది. నాకు సిగ్గుతో చెవులు కాలాయి.

ఆమె కోప్పడలేదు. బజ్జీల పిండి చెయ్యి కొంగుకు తుడుచుకుని అడిగింది.

"పిన్నీ, మా ఆయన రెండంకెల లాటరీ ఆడతాడు. వంద అంకెల్లో ఒకటి తగిల్తే ఎనభై రెట్లే ఇస్తారు. నీ ఆటలో వందకి తొంభై ఆరంటన్నావు. దానికన్నా ఇదే నయం కాదేటి?"

జవాబు నా నాలుక చివరే ఉంది. అది రోజుకు రెండుసార్లే, ఇది నిమిషానికి పదిసార్లు తిరుగుతుంది, తక్కువ కోసినా వందసార్లు కోస్తుంది అని చెప్పబోయాను. అమ్మ నా మోకాలి మీద చెయ్యి వేసి నొక్కింది.

"నువ్వూరుకో. నువ్వు లెక్క సరిగ్గానే సెప్తావు."

తర్వాత ఆమె వైపు తిరిగి, రవికలోకి దోపుకున్న పుస్తెలు బయటికి లాగి అరచేతిలో పెట్టి చూపించింది. అవి పసుపు తాడుకు ఉన్నాయి. ఇన్నాళ్లూ అవి ఉండే బంగారు గొలుసు లేదు. నేనూ అప్పుడే చూశాను.