పచ్చి బొగ్గులో కరెంట్

శ్రీరాంపూర్ క్వార్టర్లలో మా గోడకు ఆనుకున్న ఇంట్లో ఒక భాయ్ ఉండేవాడు. బొగ్గు గనిలో పంపుల మెకానిక్. నేను ల్యాంప్ రూంలో చేసేవాణ్ణి, అంటే గనిలోకి, మా మాటలో బాయిలోకి, దిగేవాళ్ల టోపీ దీపాలకు చార్జింగ్ పెట్టి చేతికివ్వడం నా పని. ఇద్దరం కొంచెం అటూ ఇటుగా రిటైరయ్యాం. నా భార్య పోయాక నాతో రోజూ మాట్లాడే మనిషి ఆయనొక్కడే. మాట్లాడటమంటే మాకు వాదించుకోవడమే.

చివరి వాదన బ్యాటరీ గురించి. పాత టార్చిలైటు సెల్లు విప్పితే లోపల నల్ల కడ్డీ ఉంటుంది. అదీ బొగ్గు జాతిదే కాబట్టి మన గని బొగ్గుతో కూడా సెల్లు చేయొచ్చన్నాను. దేశానికంతా మన బొగ్గుతో కరెంటు పుడుతుంటే, బొగ్గులో కరెంటు లేకుండా ఎట్లా ఉంటుంది? బొగ్గు ఊళ్లో పుట్టి పెరిగినవాడికి తప్ప ఇంకెవరికీ రాదు ఇలాంటి ఆలోచన.

"బొగ్గుల కరెంట్ ఉంటే మనం బాయిల దిగుతుంటిమా అన్నా? షాక్ కొట్టి సచ్చేటోళ్లం గదా!" అని భాయ్ పడీ పడీ నవ్వాడు.

"జేసి సూపిస్త. అప్పుడు నవ్వు" అన్నాను.

తర్వాత కొన్నాళ్లకే కొడుకు వచ్చి ఆయన్ని కరీంనగర్ తీసుకుపోయాడు. ఫోన్ చెయ్యమని భాయ్ చెప్పే వెళ్లాడు. నేను చేయలేదు. ఏమని చేయాలి? బాగున్నావా, బాగున్నా, తిన్నావా, తిన్నా. ఆ తర్వాత? మేమెన్నడూ అట్లా మాట్లాడుకున్నవాళ్లం కాదు. సెల్లు చేసి, గెలిచి, అప్పుడు చేద్దామనుకున్నాను. అటునుంచీ ఫోన్ రాలేదు. మనవల, మనవరాళ్ల సందట్లో నేనెక్కడ గుర్తుంటానులే అని ఉక్రోషం వచ్చింది.

గాజు గ్లాసులో ఉప్పునీళ్లు పోసి, ఒక పక్క పాత సెల్లు నుంచి ఒలిచిన జింకు రేకు, ఇంకో పక్క బొగ్గు పెళ్ల పెట్టాను. తీగలు కలిపి చూస్తే కరెంటు మీటరు ముల్లు కదల్లేదు. ఉప్పు పెంచాను. నిమ్మకాయ పిండాను. చింతపండు పులుసు పోశాను. చారు అయ్యేది గానీ కరెంటు అయితే రాలేదు. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు కాబట్టి పెళ్లలు మారుస్తూ పోయాను. గ్లాసులన్నీ బ్యాటరీలకే సరిపోయి చాయ చెంబులో తాగేవాణ్ణి. ఇదేం పని అని అడిగేవాళ్లు లేరు. అడిగేవాళ్లు లేకపోతే హాయిగా ఉంటుందనుకునేవాణ్ణి ఒకప్పుడు. ఉండదు.

ఒకరోజు ముల్లు కదిలినట్టనిపించి, "సూడు భాయ్!" అని గట్టిగా గోడవైపు కేకేశాను. ఆ క్వార్టర్‌లో ఇప్పుడు వేరే జంట ఉంటున్నారు. ఇద్దరూ డ్యూటీకి పోతారు, పగలంతా తాళమే. ముల్లు కదలడం కూడా ఉత్తదే, నా చెయ్యి తగిలి ఊగింది. కూర్చుని ఏడ్చాను.

మా ఇళ్లలో పచ్చి బొగ్గును నేరుగా పొయ్యిలో వేసేవాళ్లు కాదు. వాకిట్లో కుప్పపోసి ముందు ఒకసారి కాల్చి, పొగంతా పోయాక నీళ్లు చల్లి ఆర్పి, వంటకు దాచుకునేవాళ్లు. నా భార్య అట్లా కాల్చిన బొగ్గు పెరట్లో గోనెసంచిలో ఇంకా మిగిలి ఉంది. ఏమీ తోచక అందులోంచి ఒక పెళ్ల తీసి పెట్టాను. ముల్లు నిజంగానే కొంచెం లేచింది. మిగతా పెళ్లల్ని ఇనుప డబ్బాలో వేసి, మూత పెట్టి, పొయ్యిలో డబ్బా ఎర్రబడేదాకా మళ్లీ కాల్చాను. ఆ బొగ్గుతో గ్లాసులన్నీ వరసగా తీగతో కలిపితే చిన్న ఎర్ర ఎల్‌ఈడీ బల్బు వెలిగింది. వెలిగిందంటే, తలుపులు మూసి మొహం దగ్గర పెడితే తెలిసేంత. కొండను తవ్వి ఎలుకను పట్టాను.

పైగా గెలిచింది నేను కాదు. గనిలోంచి వచ్చిన పచ్చి బొగ్గుతో కరెంటు రాలేదు, భాయ్ మాటే నిలిచింది. ఇప్పుడేం మొహం పెట్టుకుని ఫోన్ చేయాలని చాలాసేపు కూర్చున్నాను. ఓడిపోయానని చెప్పడం కూడా ఒక కబురే కదా అనిపించింది. చేశాను. మొదటి రింగుకే ఎత్తాడు.

"పచ్చి బొగ్గుతోని రాలే భాయ్. కాల్చినంకనే అచ్చింది. నువ్వే గెల్చినవ్" అన్నాను.

నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. "మల్లా మొదటిసంది చెప్పన్నా. ముందుగాల ఏ బొగ్గు పెట్టినవ్?" అన్నాడు.

చింతపండు పులుసుతో సహా అంతా చెప్పాను. ఆయన వెనక పిల్లల అలికిడి ఏమీ వినిపించలేదు. "పోరగాండ్లు ఏరి?" అని అడిగాను.

"బడికి పోయిండ్రు. కొడుకు, కోడలు డ్యూటీకి. పొద్దుగూకేదాంక నేనొక్కన్నే. నీకు ఫోన్ చేద్దామనే అనుకున్న అన్నా, ఏం మాట్లాడాల్నో సమజ్ కాలే."

ఫోన్ ఒక చెవి నుంచి ఇంకో చెవికి మార్చుకున్నాను. నేను పెట్టేస్తున్నాననుకున్నాడేమో, "ఆగన్నా, ఆగు. బల్బు ఇంకా ఎలుగుతుందా?" అన్నాడు.

చూశాను. ఎప్పుడో ఆరిపోయింది.

"ఎలుగుతుంది భాయ్" అన్నాను.